సీసాలు ఎన్నయినా మర ఒక్కటే ఉండాలి

బజార్లో ఇప్పుడు ఏ స్ప్రే బాటిల్ తీసినా దాని మీద "మల్టీపర్పస్" అని రాసి ఉంటుంది. జుట్టుకి నీళ్లు కొట్టుకోవచ్చు, మొక్కలకి కొట్టుకోవచ్చు, అద్దాలు తుడుచుకోవచ్చు, ఇస్త్రీ బట్టలకి చిలకరించుకోవచ్చు అని నాలుగు బొమ్మలు కూడా వేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్క సీసాతో ఈ నాలుగు పనులూ చేసే ఇల్లాలు ఎక్కడైనా ఉందా అని నా అనుమానం. పొద్దున మందారాలకి వేపనూనె కొట్టిన సీసాతోనే బడికెళ్లే పిల్ల జడకి నీళ్లు కొడతామా? పట్టుచీర ఇస్త్రీకి వాడతామా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్క సీసా అన్ని పనులకీ రావాలనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. ఒక్కో సీసాలో ఒక్కటే పొయ్యాలి, దాని బతుకంతా అదే పొయ్యాలి. సీసాల మూతి దగ్గరుండే మర మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. మల్టీపర్పస్ అనే మాటకి ఇంట్లో పనికొచ్చే అర్థం ఇదేనని నేనంటాను.

ఇంత ఆలోచన ఎందుకొచ్చిందంటే, మా పెద్దాడు ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. చేత్తో పట్టుకుని ద్రవాలు పొయ్యడానికీ, చిమ్మడానికీ పనికొచ్చే సీసా ఒకటి డిజైన్ చెయ్యమని కాలేజీలో పని ఇచ్చారట. కంప్యూటర్లో గీసి తెచ్చి చూపించాడు. సన్నటి నడుము, మెరిసే మూత, ముచ్చటగా ఉంది. "ఇందులో ఏం పోస్తావురా?" అన్నాను. "ఏదైనా పొయ్యొచ్చమ్మా, అదే కదా దీని గొప్ప" అన్నాడు. "సరే, ఎవరు పట్టుకుంటారు?" అన్నాను. దానికి వాడి దగ్గర జవాబు లేదు.

తెలుగు బీఏ చదివినదాన్ని కనక నాకు ముందు మాటలు గుర్తొస్తాయి. ద్రవంతో చేసే పనికి మనకి ఎన్ని మాటలున్నాయో చూడండి. మందు చుక్కలు వేస్తాం. నెయ్యి వడ్డిస్తాం. మజ్జిగ పోస్తాం. గంజి వారుస్తాం. నూనె వంపుకుంటాం. పన్నీరు చిలకరిస్తాం. వాకిట్లో కళ్లాపి చల్లుతాం. పురుగుమందు పిచికారీ కొడతాం. ఒక్కో మాటకీ చెయ్యి ఒక్కోలా తిరుగుతుంది. డిజైన్ చేసేవాళ్లు ముందు ఈ మాటల పట్టిక రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మన పెద్దవాళ్ల పాత్రలు చూసినా అంతే. ఉగ్గుగిన్నెకి పసిపిల్ల పెదవికి ఆనేంత చిన్న ముక్కు. కొమ్ముచెంబుకి సన్నగా ధార కట్టే కొమ్ము. పన్నీరు బుడ్డికి పొడుగాటి మెడ, చిల్లుల తల. పెళ్లిపందిట్లో ఒక్కసారి విదిలిస్తే నాలుగు తుంపర్లు పడతాయి తప్ప చీర తడవదు. ఇక మరచెంబు ఉండనే ఉంది. మర తిప్పి బిగిస్తే రైల్లో ఎంత కుదుపొచ్చినా నీళ్లు ఒలకవు. మా చిన్నప్పుడు దోమలకి కొట్టే ఫ్లిట్ పంపు కూడా పనయ్యాక అటకెక్కేది. దాన్ని ఇంకో పనికి వాడాలని ఎవరికీ తోచేది కూడా కాదు.

ఆ రోజు పెద్దాడి చేత పాడైపోయిన స్ప్రే పంపు ఒకటి విప్పించి చూశాను. పెద్ద రహస్యమేమీ లేదు. మీట నొక్కితే సిరంజిలో ఉన్నట్టే చిన్న పిస్టన్ ముందుకెళ్లి ద్రవాన్ని బయటికి తోస్తుంది. వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది, అప్పుడు గొట్టంలోంచి మళ్లీ ద్రవం పైకొస్తుంది. పైకొచ్చింది కిందికి జారిపోకుండా, బయటి గాలి లోపలికి రాకుండా రెండు చిన్న కవాటాలుంటాయి. నాజిల్ దగ్గర ద్రవం గిర్రున తిరిగి బయటపడుతుంది కాబట్టి తుంపరవుతుంది. నాజిల్ తిప్పి ఆ తిరగడం ఆపితే ధారగా వస్తుంది. ఖర్చయినంత మేర సీసాలోకి గాలి పోవడానికి పక్కన ఇంకో సన్నటి దారి ఉంటుంది. అది సరిగ్గా మూసుకోకపోతే సీసా పడుకోబెట్టినప్పుడు కారేది అక్కడి నుంచే.

ఇది అర్థమైతే పంపులు ఎందుకు మొరాయిస్తాయో కూడా తెలుస్తుంది. నూలు చీరలకి గంజి కొట్టుకుందామని వడకట్టకుండా పోస్తే ఆ సన్నటి దారుల్లో గంజి ఎండి బిగుసుకుంటుంది. బోరు నీళ్లయితే సున్నం పేరుకుంటుంది; వెనిగర్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నాజిల్ నానబెడితే వదులుతుంది. వేపనూనె నీళ్లతో కలవదు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త ద్రవ సబ్బు వేసి బాగా గిలక్కొట్టి వాడాలి. పని కాగానే ఉత్త నీళ్లు పోసి పది సార్లు కొట్టి పెట్టాలి. అంటే ఏది పోశామో సీసా మర్చిపోదన్నమాట. ఎంత కడిగినా గొట్టంలోనూ, స్ప్రింగు సందుల్లోనూ కొంచెం మిగిలే ఉంటుంది.

ఆ మిగిలిన కొంచెంతోనే భయం. బ్లీచింగ్ నీళ్లున్న సీసాలో బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తుల మీద పడుతుంది. కరోనా రోజుల్లో నింపుకున్న శానిటైజర్ సీసా చూడ్డానికి నీళ్ల సీసాలాగే ఉంటుంది. అందులో ఉన్నది ఆల్కహాల్, వెలుగుతున్న పొయ్యి దగ్గర కొడితే భగ్గుమంటుంది. "ఏదైనా పొయ్యొచ్చు" అనే సీసా నా కళ్లకి అందుకే గొప్పగా కనిపించలేదు.

మేము ఇదివరకు ఉన్న అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్ల బాబు ఒకడు కూల్‌డ్రింక్ సీసాలో ఉన్న ఫ్లోర్ క్లీనర్‌ని రెండు గుక్కలు తాగేశాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు, దేవుడి దయవల్ల బయటపడ్డాడు. వాళ్లమ్మని ఇంటాబయటా అందరూ తిట్టారు. ఆ అమ్మాయి నెలరోజులు ఎవరి ముఖమూ చూడలేకపోయింది. నాకు మాత్రం ఆ సీసా మీద కోపమొచ్చింది. ఆలోచించండి, ఐదు లీటర్ల డబ్బా చవగ్గా వస్తుందని కొంటాం. దాన్ని రోజూ ఎత్తి వంచలేం. చిన్న సీసాలోకి వంపుకుంటాం. ఇంట్లో ఖాళీగా దొరికేది కూల్‌డ్రింక్ సీసాయే. డబ్బా అమ్మినవాళ్లు దాని పక్కన ఒక చిన్న సీసా, బిగించుకునే పంపు ఇచ్చి ఉంటే ఆ బాబు ఆస్పత్రికి వెళ్లేవాడు కాదు. ఎప్పుడైనా ఎవరింట్లోనైనా ఇలా జరిగితే బలవంతంగా వాంతి చేయించకండి, ఆ సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి.

ఇక పట్టుకునే చెయ్యి సంగతి. మా అత్తయ్యగారికి 72 ఏళ్లు, వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. మేడ మీద ఇరవై కుండీలు ఆవిడవే. మామూలు స్ప్రే బాటిల్ ఒక్క నొక్కుకి ఇంచుమించు ఒక మిల్లీలీటరు చిమ్ముతుంది. పావు లీటరు కొట్టాలంటే దాదాపు 250 సార్లు నొక్కాలి. "అమ్మాయ్, మొక్కల్ని పెంచడం కంటే ఈ పిస్తోలు పేల్చడమే కష్టంగా ఉందే" అని ఒకరోజు సీసా పక్కన పెట్టేశారు. నాలుగు రోజులు మేడెక్కలేదు. మొక్కలకి మందు మేమెవరమైనా కొట్టగలం. పొద్దున్నే కుండీల మధ్య ఆవిడకుండే ఆ అరగంట మేము చేసిపెట్టేది కాదు కదా. చివరికి పైనున్న పిడిని పది పదిహేను సార్లు కొట్టి గాలి నింపుకునే స్ప్రేయర్ తెచ్చాం. గాలి మేము కొట్టిస్తాం, ఆవిడ బొటనవేలితో మీట నొక్కి పట్టుకుంటే చాలు, తుంపర ఆగకుండా వస్తుంది. లీటరు నింపితే కిలోకి పైగా బరువు, అందుకని సగమే పోస్తాం. ఇప్పుడు స్టూలు వేసుకుని కూచుని తీరిగ్గా కొట్టుకుంటున్నారు.

చెయ్యిని చూసి వస్తువు చేస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికాలో ఒక కథ ఉంది. శామ్ ఫార్బర్ అనే ఆయన భార్య బెట్సీకి కీళ్లనొప్పులు. కూరగాయల చెక్కు తీసే పీలర్ పట్టుకోవడానికి ఆవిడ పడే అవస్థ చూసి, లావుగా, మెత్తగా ఉండే పిడితో పీలర్ చేయించారు. 1990లో ఆక్సో పేరుతో ఆ సామాన్లు వచ్చాయి. నొప్పులున్నవాళ్ల కోసం చేసిన పిడి అందరికీ హాయిగా ఉందని అందరూ కొన్నారు. అంతకు చాలా ముందు, 1908లో, జర్మనీలో మెలిట్టా బెంజ్ అనే ఇల్లాలు కాఫీలో మడ్డి రాకుండా ఉండడానికి చిల్లులు పెట్టిన ఇత్తడి పాత్రలో కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం వేసి చూసింది. ఆ కాగితం ఫిల్టర్‌కి పేటెంట్ తీసుకుంది, కంపెనీ పెట్టింది. సింకు దగ్గర నిలబడేవాళ్లకి డిజైన్ తెలీదని ఎవరైనా అంటే ఈ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చెప్పండి.

ఇప్పుడు మర సంగతి. మన ఇళ్లల్లో సీసా పాడవ్వదు, పంపు పాడవుతుంది. పంపు ఒక్కటే కొందామంటే మా వీధి షాపులో దొరకదు, సీసాతో సహా కొత్తది కొనమంటారు. పాత సీసా చెత్తబుట్టలోకి పోతుంది. ఇంట్లో ఉన్న ఇంకో పంపు బిగిద్దామంటే మర పట్టదు. ఈ సీసాల్లో 28 మిల్లీమీటర్ల మూతి చాలా మామూలు కొలత. కానీ అందులోనే కొన్నిటికి మర ఒక చుట్టు, కొన్నిటికి ఒకటిన్నర చుట్టు. చూస్తే ఒకేలా ఉంటాయి, బిగిస్తే కారతాయి. ఆ అర చుట్టు తేడా వల్ల మనకేం లాభమో నాకైతే తెలియదు.

నేనిది చెబుతుంటే పెద్దాడు మంచి ప్రశ్నే వేశాడు. "అమ్మా, అన్నిటికీ ఒకే మర పెడితే వంటనూనె సీసాకి ఫినాయిల్ పంపు కూడా పట్టేస్తుంది కదా?" నిజమే. అందుకు మన గోడ మీదే జవాబుంది. గీజర్‌కుండే లావుపాటి ప్లగ్ ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్‌లో దూరదు. ఎవరూ జాగ్రత్తలు చెప్పక్కర్లేదు, ఆ కొలతే ఆపుతుంది. అలాగే నోట్లోకి వెళ్లేవాటికి ఒక మర, కడిగేవాటికీ మొక్కలవాటికీ ఇంకో మర. రెండే రెండు. ఒకదాని పంపు ఇంకోదానికి ఎక్కకూడదు. కూల్‌డ్రింక్ సీసాకి మొక్కల పంపు ఎక్కనే కూడదు.

సీసా మీద పేరు కాగితం అంటించడం కూడా చాలదు. నాలుగుసార్లు తడిస్తే ఊడిపోతుంది. మా ఇంట్లో పనిచేసే ఆమెకి చదువు రాదు. ఆమె రంగు చూసి, ఆకారం చూసి గుర్తుపడుతుంది. కాబట్టి సీసా ఒంటి మీదే ఆకు బొమ్మో, చీపురు బొమ్మో చేతికి తగిలేలా పోత పోయాలి. అడుగు భాగం కాస్త గుంటగా ఉండి, గొట్టం చివర ఆ గుంటలో ఆనాలి. అప్పుడే ఆఖరి చెంచాడు కూడా పైకొస్తుంది. మీట నాలుగు వేళ్లూ పట్టేంత పొడుగుండాలి. నాజిల్‌కి మూసే గుర్తు ఉండాలి, అది పిల్లల వేళ్లకి తేలిగ్గా తిరక్కూడదు.

నాలుగు పనులకి నాలుగు సీసాలంటే ఖర్చు కదా అని మావారు అన్నారు. సీసా ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది, పాడైన పంపు మాత్రమే మార్చుకుంటే ఇప్పుడయ్యే ఖర్చు కంటే తక్కువే అవుతుందని లెక్క చెప్పాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఇవన్నీ కంపెనీలు వాటంతట అవి చెయ్యవు. మనం అడగాలి. ఈసారి స్ప్రే బాటిల్ కొనేటప్పుడు ధర అడిగినట్టే ఇంకో రెండు మాటలు అడగండి. దీని పంపు విడిగా దొరుకుతుందా? మా ఇంట్లో ఉన్న సీసాకి పడుతుందా? పదిమంది అడిగితే షాపువాడు సరుకిచ్చేవాణ్ని అడుగుతాడు. ఆ ప్రశ్న అలా అలా సీసా గీసేవాడి బల్ల మీదికి చేరుతుంది.