కలకత్తా చిత్తడి నేలలు – కార్మికవర్గ కర్తవ్యం



2025 సెప్టెంబరు 23న కుంభవృష్టికి కలకత్తా నగరం జలమయమైనది. పట్టాలపై నీరు నిలిచి సియాల్దా సబర్బన్ రైళ్లకు, మెట్రోకు అంతరాయం కలిగినది. ఇట్టి రోజులలో ట్రాకును కాచేది గ్యాంగ్‌మన్; మోకాలి లోతు నీటిలో ఉత్తరాల సంచితో నడిచేది పోస్ట్‌మన్. కనుక నగరపు నీరు ఎటు పోవుననే ప్రశ్న మనది కూడా.

కలకత్తా నేల హుగ్లీ వైపు కాక తూర్పునకు వాలి ఉన్నది. మురుగు, వాన నీరు కాలువల ద్వారా తూర్పు చిత్తడి నేలల మీదుగా కుల్టీ నదికి చేరుతాయి. దారిలో భేరీలనే లోతులేని చేపల చెరువులు ఆ మురుగును స్వీకరిస్తాయి. ఎండ, నాచు, సూక్ష్మజీవులు కలిసి దానిని శుద్ధి చేయగా చేపలు పెరుగుతాయి. ఆ నీటితో కూరగాయలు పండుతాయి. వేలాది శ్రామిక కుటుంబాల జీవనాధారమిదే. ఈ శ్రామికుల విజ్ఞానాన్ని లోకానికి చాటినవాడు ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్.

ఈ నేలపై స్థలవ్యాపారుల కన్ను పడుట నేటి మాట కాదు. 1960లలో ఉప్పు చెరువులను పూడ్చి సాల్ట్ లేక్ నగరాన్ని నిర్మించినారు. తరువాత 227 ఎకరాలలో ప్రపంచ వాణిజ్య కేంద్రం కట్టుటకు పూనుకొనగా ‘పబ్లిక్’ అనే పౌర సంస్థ కోర్టుకెక్కినది. 1992లో కలకత్తా హైకోర్టు చిత్తడి నేలల మార్పిడిని నిషేధించినది. 2002లో 12,500 హెక్టార్లకు రామ్సార్ గుర్తింపు లభించినది. మన కొల్లేటికి కూడా అదే సంవత్సరం లభించినది. 2006లో రాష్ట్ర శాసనమే వచ్చినది. అయినను వందలాది అక్రమ కట్టడాలు లేచి, వాటి కూల్చివేత వ్యవహారం మరల హైకోర్టుకు చేరినది. చట్టం ఉన్నది, అమలు ఏది?

“ట్రాఫిక్ తగ్గించవద్దా?” అని అడుగుతారు. తప్పక తగ్గించాలి. న్యూటౌన్‌లో పనిచేయు ఉద్యోగి పడే ప్రయాణ యాతన బూటకం కాదు. కాని ఈ నేలల మీదుగా ఆరు కిలోమీటర్లకు పైగా ఫ్లైఓవర్ వేయాలన్న ప్రతిపాదన దానికి మందు కాదు. “స్తంభాలే కదా, నీటికి అడ్డమేమి?” అనేవారు తూర్పు బైపాస్ చరిత్ర చూడాలి. రద్దీ తగ్గించుటకే దానిని వేసినారు. రోడ్డు వెంట స్థలాల ధర పెరిగినది. హోటళ్లు, మాల్‌లు, బహుళ అంతస్తుల భవనాలు వెలసినవి. నేడు బైపాసే రద్దీతో మూలుగుచున్నది. స్తంభం ఆక్రమించే జాగా స్వల్పమే. దాని వెనుక వచ్చే భవనాల జాగా అపారం.

రద్దీకి విరుగుడు ఏమిటో రైల్వే కార్మికునికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్క లోకల్ రైలు మోయు జనాన్ని కార్లలో కూర్చోబెడితే ఎన్ని రోడ్లు కావాలి? 2025 ఆగస్టులో సెక్టార్ ఫైవ్ నుండి హౌరా మైదాన్ వరకు మెట్రో పూర్తిగా తెరచినారు. ఆ బాటనే విస్తరించాలి. అది మాని, 1873లో పుట్టిన ట్రామును ఒక్క మార్గంలో తప్ప ఎత్తివేస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినది. ప్రజా రవాణాను కుదించి, రద్దీ పేరిట చెరువుల మీద రోడ్డు వేయుట ఏ న్యాయం?

“అభివృద్ధి వద్దంటారా?” అన్నది మరొక నింద. చెరువులు పోతే మురుగు శుద్ధికి యంత్రాలు, విద్యుత్తు కావాలి. ఆ వ్యయం పన్నుల రూపాన జీతగాని నెత్తిన పడుతుంది. చేప, కూర ధర పెరుగుతుంది. లాభం స్థలవ్యాపారికి, బిల్లు మనకు! దీనిని అభివృద్ధి అనుట ప్రజలను వంచించుటయే.

కావున 2006 చట్టాన్ని పూర్తిగా అమలు చేయాలని, పూడ్చిన చెరువులను పునరుద్ధరించాలని, ఫ్లైఓవర్లకు ముందు సబర్బన్ రైలు, మెట్రో, ట్రాములకు నిధులివ్వాలని ప్రతి శాఖా తీర్మానించాలి. భేరీ కార్మికుల పోరాటానికి ఖరగ్‌పూర్ మొదలు విశాఖ వరకు తెలుగు ఉద్యోగులు బాసటగా నిలవాలి. నీటి దారిని అమ్ముకొననీయరాదు!