క్యాంపులో వాన: ఎవరి కోసం ప్రార్థిద్దాం?

జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రార్థన మనవి తరచుగా కనిపిస్తుంది. "ఈ శని, ఆదివారాలు మా హైస్కూలు పిల్లల రిట్రీట్ ఉంది. వర్షం పడకుండా ప్రార్థించండి." వెంటనే ఆమెన్‌లు వచ్చి పడతాయి. పిల్లల మీద ప్రేమతో పెట్టిన మనవే, కాదనను. కానీ మడివాళలో నిలబడి ఆలోచిస్తే ఆ ప్రార్థన అంత తేలికగా నోటికి రాదు.

మడివాళ మీదుగా రాత్రిపూట ఆంధ్ర, తెలంగాణ వైపు ప్రైవేటు బస్సులు వరసగా వెళ్తుంటాయి. అదే దారిలో రాయలసీమ నుంచి ఇక్కడికి పనికి వచ్చినవాళ్లలో సమయానికి వాన రాక, పంట చేతికందక ఊరు వదిలినవాళ్లు ఎంతోమంది. అనంతపురం ప్రాంతంలో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడ వేరుశనగ విత్తిన రైతు, ఇక్కడ క్యాంప్ ఫైర్ కోసం కట్టెలు పేర్చిన టీచరు ఒకే దేవునికి మొరపెడుతున్నారు. మత్తయి 5:45లో ప్రభువు వానను శిక్షగా చెప్పలేదు. మంచివాళ్లనీ చెడ్డవాళ్లనీ వేరు చేయని తండ్రి ప్రేమకు గుర్తుగా చెప్పాడు.

దేవుడు వానను అందరికీ సమానంగానే ఇస్తున్నాడు. ఆ నీళ్లు ఎవరి ఇంట్లోకి రావాలో నిర్ణయిస్తున్నది మాత్రం మనుషులే. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిండిన నీటిలో కారు చిక్కుకుని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 22 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చనిపోయింది. 2025 మే 19న మడివాళ పక్కనే బి.టి.ఎం. లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని వాననీటిని తోడుతుండగా కరెంటు షాక్ కొట్టి ఇద్దరు చనిపోయారు. ఒకరు అక్కడ నివసించే పెద్దాయన. రెండోవాడు ఆ భవనంలో పనిచేసే వలస కార్మికుడి కొడుకు, పన్నెండేళ్లవాడు. మన క్యాంపులో ఆటలాడే పిల్లల ఈడువాడు.

దీన్ని దైవోగ్రతగా చెప్పే బోధకులున్నారు. నేను ఒప్పుకోను. మడివాళ సోమేశ్వర ఆలయంలో 1247 నాటి తమిళ శాసనం ఉంది. అందులో చెరువు కింది భూముల ప్రస్తావన కనిపిస్తుంది. అంటే ఏడు వందల ఏళ్లకు ముందే ఇక్కడివాళ్లు నీటికి చోటిచ్చి బతికారు. మడివాళ చెరువు నిండితే అగర చెరువుకు, అక్కడి నుంచి బెళ్లందూరుకు, వర్తూరుకు నీళ్లు పారాలి. ఆ దారిలోని రాజకాలువల్ని ఆక్రమించి, పూడ్చి, చెత్తతో నింపి, ఇప్పుడు ఆకాశాన్ని గద్దించడం భక్తి కాదు.

మరి రిట్రీట్ సంగతి? నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, జాగ్రత్త. వాతావరణ శాఖ భారీ వర్ష హెచ్చరిక ఇస్తే క్యాంపు వాయిదా వేయండి. ఆలయ శిఖరం మీద నుంచి దూకమన్న శోధకుడికి ప్రభువు ఏం జవాబిచ్చాడో మనకు తెలుసు. తడిసిన షామియానా కింద వేలాడే కరెంటు వైర్లకు విశ్వాసం అడ్డుపడదు.

రెండోది, ఉరుముల్ని బోధకు వాడుకోవద్దు. బయట పిడుగులు పడుతుంటే లోపల దీపాలు తగ్గించి, నరకం గురించి చెప్పి, భయపడిన పిల్లల చేత చేతులెత్తించి "ఇంతమంది తీర్మానం తీసుకున్నారు" అని లెక్క రాసుకోవడం సువార్త కాదు. ఏలీయాకు దేవుడు గాలిలో దొరకలేదు, భూకంపంలో దొరకలేదు, అగ్నిలోనూ దొరకలేదు. ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరంలో ఆయన పలికాడు. పైగా మన బడుల్లో ఇతర మతాల పిల్లలు కూడా చదువుతున్నారు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా వాళ్లను మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా ప్రేమ ఆ మాట చెప్పాలి.

మూడోది, వరసలో ఎవరు లేరో చూడండి. క్యాంపు ఫీజు కట్టలేక "ఒంట్లో బాగాలేదు" అని ఇంట్లో ఉండిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకు 25 శాతం సీట్లివ్వాలన్న నిబంధన మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కోర్టు మనకు మినహాయింపు ఇచ్చింది. యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఇచ్చిందా?

నాలుగోది, ఒక పూటైనా బయటికి నడవండి. వాన తెరిపిచ్చాక, పెద్దల తోడుతో, రాజకాలువ ఎక్కడ మూసుకుపోయిందో పిల్లలకు చూపించండి. ఆ కాలువల్ని శుభ్రం చేసే పౌరకార్మికుల్ని క్యాంపుకు పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, వాళ్ల మాట వినండి. కన్నడలో మడివాళ అంటే బట్టలుతికే కులం. 12వ శతాబ్దంలో బసవన్నతో కలిసి నడిచిన మడివాళ మాచిదేవుడు ఆ వృత్తివాడే. ఇతరుల మురికి కడిగేవాళ్లను లోకం తక్కువగా చూసింది. మన ప్రభువు మాత్రం తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. యోహాను 13 చదవడానికి ఇంతకన్నా తగిన చోటు ఏముంది?

"ఇది ఆత్మీయ రిట్రీట్ పాస్టర్‌గారూ, సోషల్ వర్క్ క్యాంపు కాదు" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. పదో తరగతి ఒత్తిడిలో ఉన్న పిల్లలకు రెండు రోజుల ప్రార్థన, పాట, స్నేహం నిజంగా అవసరమే. వాటిని తీసేయమనడం లేదు. అయితే ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టడమే తనకిష్టమైన ఉపవాసమని యెషయా 58లో దేవుడు తేల్చి చెప్పాక, ఆత్మీయతనూ న్యాయాన్నీ విడదీసే అధికారం మనకెక్కడిది?

దసరా సెలవుల క్యాంపులకు ఏర్పాట్లు చేస్తున్న యవ్వన నాయకులారా, ఫీజు అంకె వేసే ముందు కట్టలేనివారి పేర్లు గుట్టుగా తెలుసుకుని, వారి వంతు సంఘం నుంచి సేకరించండి. పెద్దల తోడు, వర్ష హెచ్చరిక, కరెంటు తనిఖీ బాధ్యతలు ఎవరివో పేర్లతో రాసిపెట్టండి. అవన్నీ అయ్యాక ప్రార్థించండి. ఆ ప్రార్థనలో అనంతపురం రైతుకు వాననూ, సెల్లార్‌లో పడుకునే కుటుంబానికి తడవని చోటునూ అడగండి.