బాలింతకు ఒక కాలే వాచినప్పుడు

కాన్పు జరిగిన ఇంట నలభై దినాల చిల్లా ముగిసే వరకు బాలింతను మంచం దిగనివ్వకపోవడం మన కుటుంబాలలో చాలాచోట్ల ఆనవాయితీ. విశ్రాంతి ఆమె హక్కు, సందేహం లేదు. అయితే కాలి లోపలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం అధికంగా ఉండేది కూడా దాదాపు ఆ దినాలలోనే, అంటే కాన్పు తర్వాతి 6 వారాలలో.

ప్రసవంలో రక్తస్రావం మితిమీరకుండా గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణం ముందుగానే పెరుగుతుంది. బిడ్డ పుట్టగానే అది తగ్గిపోదు. ఇక కాలిలోని రక్తాన్ని పైకి నెట్టేది పిక్క కండరం. మనిషి నడిస్తేనే దానికి పని. కదలక పడుకుంటే రక్తం మందగిస్తుంది. దీనికి తోడు బాలింతకు దాహం తీరా నీళ్లివ్వని ఇళ్లు నేటికీ ఉన్నాయి! సిజేరియన్ అయినవారికి, స్థూలకాయులకు, లోగడ తమకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చినవారికి ముప్పు మరింత ఎక్కువ.

నెలలు నిండిన స్త్రీకి రెండు పాదాలూ వాచడం తరచూ చూసేదే. ఒక్క కాలే వాచితే మాత్రం ఉపేక్షించరాదు. గర్భిణులలో ఇది ఎక్కువగా ఎడమ కాలికి వస్తుంది. పిక్కలోనో తొడలోనో నొప్పి, బరువు, తాకితే వేడి ఉంటాయి. చర్మం ఎర్రబారుతుంది గాని, నల్లని మేనిపై ఆ ఎరుపు తెలియకపోవచ్చు. కుట్టుపని టేపుతో రెండు పిక్కలనూ ఒకే ఎత్తున కొలవండి. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి. తేడా లేకున్నా నొప్పి తగ్గకపోతే వెళ్లవలసిందే.

ఆ కాలికి మాలిష్ చేయించకండి. పిసికితే గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరవచ్చు. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం కనిపిస్తే ఇంటి మగవారు వచ్చేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

నిర్ధారణకు డాప్లర్ స్కాన్ చేస్తారు. సూది గుచ్చరు, కోత ఉండదు. తొడ వరకు చూడవలసి ఉంటుంది కనుక స్త్రీ సిబ్బందిని కోరవచ్చు. వారు లేరని పరీక్షను మరునాటికి వాయిదా వేయడం మాత్రం తగదు. చికిత్స సాధారణంగా కనీసం 3 నెలలు సాగుతుంది. వాపు తగ్గిందని మందు మధ్యలో మానరాదు. బిడ్డకు పాలిస్తున్న సంగతి వైద్యునికి ముందే చెప్పండి. హెపారిన్ ఇంజెక్షన్లు, వార్ఫరిన్ మాత్రలు వాడుతూ తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు.