ఓనమాలనుండి చదువునకు

కొలది దినముల క్రిందట మన నెల్లూరు తీరమందలి యొక పాలెమున నొక బాలునిచేత వాచకము చదివించితిమి. పాఠమంతయు గడగడ నప్పగించెను; వ్రేలు మాత్రము వేఱొక పంక్తిమీద నుండెను. ఆ పాఠములోని మాటనే వేఱు కాగితముపై వ్రాసి చూపగా నోరు మెదపలేదు. వాడు మందమతి కాడు. గాలివాటమును, ఆటుపోటులను, చేపల పేళ్లను మాకంటె బాగుగ నెఱుగును. వానికి పాఠము వచ్చినది, చదువు రాలేదు. దోషము వానిదా, మనదా?

మన లిపియందు వ్రాసినదే పలుకుదుము. ఇంగ్లీషునందువలె నొక్క యక్షరమునకు పలు ధ్వనులు లేవు. ఇంతటి సౌకర్యమును మనమే చెఱచుకొనుచున్నాము. గోడపటమున “అ — అమ్మ” యని చూపుదుము. అకారము మాత్రమే నేర్చిన శిశువు ఆ మాటను చదువజాలునా? మకారమును, దాని వత్తును రావలెను గదా! బొమ్మను జూచి పలుకును. మనము చదివెనని సంతసింతుము. పిమ్మట ఏబదియాఱక్షరములు, ఆపై గుణింతములు వల్లెవేయింతుము. మాటలలో కానరాని ఌ, ౡలను సయితము విడువము. మొదటి మాటను తానై చదివితినను నానందము కలుగకమునుపే శిశువు విసిగిపోవును.

ఇట్లు చేసి చూడుడు. అ, ల, వ, ప, డ, క — ఈ యాఱింటిని పేళ్లుగా గాక ధ్వనులుగా నేర్పుడు. ప, వలు పోలియుండును గావున నొకనాడే చూపరాదు. ఈ యాఱింటితో అల, వల, కల, పలక, పడవ, కడవ యను నాఱు మాటలు చదువవచ్చును. గుణింతమక్కఱలేదు, వత్తక్కఱలేదు, అన్నియు పాలెపు బిడ్డ యెఱిగిన మాటలే. పిమ్మట దీర్ఘము, గుడి, కొమ్ము ఒక్కొక్కటిగ రావలెను. పడు, పాడు అను మాటలకుగల భేదమును ముందు చెవి పట్టవలెను, తరువాత కన్ను పట్టవలెను. వత్తులలో తల్లియక్షరమును పోలని త, న, మ, య, ర, లల వత్తులకు మఱింత యోపిక కావలెను.

ఇది పరాయి పద్ధతి కాదు. మద్రాసుప్రాంతపు వీథిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చుట జూచియే ఆండ్రూ బెల్ దొర దానిని తన శాలలో నవలంబించి, 1797లో గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండున దానికి మద్రాసు పద్ధతి యనియే పేరు వచ్చినది. కంఠపాఠదోషమును క్రొత్తది కాదు. అర్థమెఱుగక వల్లించుటను గూర్చి బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లోనే వ్రాసెను.

చదువు బ్రతుకును తాకిననాడు దాని బలమెట్టిదో మన జిల్లాయే చూపినది. 1992లో దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా పాఠమున తమ కథనే చదివి సారాపై తిరుగబడిరి. 1993లో రాష్ట్రమున సారా నిషిద్ధమైనది. తల్లులకు సాధ్యమైనది బిడ్డలకు కాకపోవునా?

మేము ఆంగ్లమును వలదనుట లేదు. ఇంట వినిన భాషలో ధ్వనులు కూర్చనేర్చిన బిడ్డకు రెండవ లిపి సులభమగునని మాత్రమే చెప్పుచున్నాము. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి శిశువునకు చదువురావలెనని 2021లో నిపుణ్ భారత్ పథకము లక్ష్యము పెట్టినది. అది బడికి వచ్చినదో లేదో కనుగొనుటకు పరీక్షాధికారి యక్కఱలేదు. వాచకమున లేని మాటనొకదానిని పలకపై వ్రాసి బిడ్డకు చూపుడు.

పఠనమందిరములలో కూర్చుండి పత్రికలు చదువు సోదరులారా! దినమునకొక గంట ఆ బల్లలను పిల్లలకు విడువరాదా? రేపు ఆ బల్లలయొద్ద కూర్చుండి చదువవలసినవారు వారే గదా!