స్పీకరు ఎవరి కోసం కొంటున్నామండీ?

మా ఇంట్లో ఇప్పుడు రెండు బ్లూటూత్ స్పీకర్లున్నాయి. ఒకటి మా అబ్బాయి ఎంచింది, రెండోది నేను ఎంచింది. అబ్బాయిది అలమారలో పాత చార్జర్ల పక్కన పడి ఉంది. రెండింటికీ డబ్బు నాదే పోయింది కాబట్టి ఈ సంగతి రాసే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

పోయిన శ్రావణంలో చీటీ డబ్బులొచ్చాయి. అందులోంచి 2000 రూపాయలు పక్కన పెట్టాను, వంటింట్లోకి ఒక స్పీకరు కొనుక్కుందామని. పొద్దున్నే పోపు పెట్టుకుంటూ పాటలు వినడం నాకు అలవాటు. ఫోనులో పెడితే మిక్సీ వెయ్యగానే పాట పోతుంది. పైగా పిండి చేతులతో ఫోను ముట్టుకుంటే మా వారికి కోపం. అదొకటి. రెండోది, మా అత్తయ్యగారు.

ఆవిడకి 78 ఏళ్ళు. మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో రేడియో ఆగేది కాదు. విజయవాడ కేంద్రం భక్తిరంజనితో లేవడం, ప్రాంతీయ వార్తలతో కాఫీ. మామయ్యగారు పోయారు, ఆ తర్వాత రేడియో కూడా మూలపడింది. ఈ రెండేళ్ళలో అత్తయ్యగారు మాటలు తగ్గించేశారు. భోజనాల దగ్గర మేమంతా దేనికో నవ్వుతుంటే ఆవిడ ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేవారు. వినపడి కాదు, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. అది గమనించినప్పటినుంచీ నాకు మనసులో ఏదోలా ఉండేది. పాటలైనా పెడితే కాస్త కళ వస్తుందేమోనని ఆశ.

మా అబ్బాయి నాలుగు రోజులు ఫోనులో వెతికి, "అమ్మా, 20 వాట్లు, బాస్ అదిరిపోతుంది, లైట్లు కూడా ఉన్నాయి" అని ఆర్డరు పెట్టేశాడు. వచ్చింది. నిజంగానే అదిరింది. స్టీలు గిన్నెల స్టాండులో గరిటెలు కూడా అదిరాయి. అత్తయ్యగారి మంచం పక్కన పెట్టి ఆవిడకిష్టమైన పాత సినిమా పాట వేశాం. రెండు నిమిషాలు విని, "ఎవరో గోడ అవతల పాడుతున్నట్టుందమ్మా, తీసెయ్" అన్నారు. సౌండు పెంచాం. "చెవులు హోరెత్తుతున్నాయి" అన్నారు. తర్వాత మెల్లిగా, "నా చెవులే పోయాయిలే, మీరు వినండి" అని అటు తిరిగి పడుకున్నారు. పాటలు పెట్టి నేనే ఆవిడకి ఆ సంగతి రుజువు చేసినట్టయింది.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మా సామర్లకోటలో చాళుక్య భీమేశ్వరుడి గుడి ఉంది కదా, పంచారామాల్లో ఒకటి. కార్తీక మాసం వస్తే ఐదు గుళ్ళూ ఒక్కరోజులో చూసేసే బస్సులన్నీ ఇటు వస్తాయి. జనం, దీపాలు, మైకులు. ఒక కార్తీక సోమవారం నేను వరండాలో చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. అత్తయ్యగారు పక్కన కుర్చీలో ఉన్నారు. ఉన్నట్టుండి, "పాపం, ఎవరి పిల్లో తప్పిపోయిందట. పసుపు గౌను, ఐదేళ్ళట. వాళ్ళమ్మని రమ్మంటున్నారు" అన్నారు.

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. గుడి మైకులో మాట అది. మా ఇంటికి ఎంత దూరం! ఆరడుగుల్లో ఉన్న 20 వాట్ల స్పీకరులో పాట అర్థం కాని మనిషికి, అంత దూరంనుంచి వచ్చిన మాట గౌను రంగుతో సహా ఎలా వినపడింది?

మా వీధిలో పెళ్ళిళ్ళకి మైకుసెట్లు కట్టే అబ్బాయి ఉన్నాడు. అడిగితే నవ్వాడు. "హారన్లో బాస్ ఉండదండి, మాట ఉంటుంది. అందుకే గుడికీ, స్టేషనుకీ హారన్లు కడతారు. డీజేకి వేరే పెట్టెలు." అంతే చెప్పాడు. మిగతాది నేను చదువుకున్నాను, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

వయసు మీద పడ్డప్పుడు మొత్తం వినికిడి ఒకేసారి తగ్గదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. మన మాటలో స, శ, త, క లాంటి హల్లుల స్పష్టత ఆ సన్నటి శబ్దాల్లోనే ఉంటుంది. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవాళ్ళు "శబ్దం వినపడుతోంది, ఏమన్నావో తెలియట్లేదు" అంటారు. మనమేమో విసుక్కుని ఇంకా గట్టిగా అరుస్తాం. దానిమీద బాస్ ఎక్కువున్న స్పీకరు పెడితే, ఆ ధంధం కింద మిగిలిన కాస్త స్పష్టత కూడా మునిగిపోతుంది. పాతకాలం ల్యాండ్‌లైను ఫోను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది. మాట అర్థం కావడానికి అది చాలింది. బాస్ అంతా దాని కిందే ఉంటుంది. పాటకి అది అందమే, కాదనను. కానీ అత్తయ్యగారికి కావలసింది అది కాదు.

వాట్ల సంగతి కూడా మనల్ని బాగా మోసం చేస్తుంది. 5 వాట్లది తీసేసి 10 వాట్లది తెస్తే రెండింతలు మోగదండీ. చెవికి రెండింతలు అనిపించాలంటే పవరు పది రెట్లు కావాలి. అట్టపెట్టె మీద వందల వాట్లు వేసి పక్కన పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెని వదిలెయ్యండి, ఆర్‌ఎంఎస్ అన్నచోట ఎంతుందో చూడండి. జేబీఎల్ గో 3 అనే అరచేతిలో పట్టే స్పీకరు 4.2 వాట్లే. ఒక వంటింటికి అంతకన్నా ఎందుకు?

ఇక నా అసలు గొడవ వాట్ల గురించి కూడా కాదు. బ్లూటూత్ స్పీకరంటే ఫోను లేకపోతే ఉత్త డబ్బా. మా ఇంట్లో స్మార్టుఫోన్లు మూడున్నాయి. పొద్దున్న తొమ్మిదికి రెండు బయటికి వెళ్ళిపోతాయి, మిగిలేది నాది. అత్తయ్యగారిది బటన్ల ఫోను. నేను బజారుకి వెళ్తే నా ఫోను నాతో వస్తుంది, దానితోపాటు ఆవిడ పాటా వచ్చేస్తుంది. అంటే ఆవిడ ఏదైనా వినాలంటే మా ఎవరినో ఒకరిని అడగాలి. అడిగే మనిషి కాదు ఆవిడ. ఒకసారి అడిగి, మనం "ఉండండి, ఫోనొచ్చింది" అంటే రెండోసారి అడగరు. ఆన్‌లైనులో స్పీకర్ల గురించి చెప్పేవాళ్ళలో ఒక్కరైనా దీన్ని ఒక లోపంగా చెప్పగా నేను వినలేదు. వాళ్ళందరికీ చేతిలో సొంత ఫోనుంది మరి.

అందుకని రెండోసారి అబ్బాయిని అడగలేదు. పొద్దుటి బండిలో అత్తయ్యగారిని తీసుకుని కాకినాడ వెళ్ళాను. మా వారు "ఆవిడెందుకు, నువ్వు తెచ్చెయ్" అన్నారు. చెప్పులు కొనడానికి మనిషి వెళ్ళాలి గానీ, చెవికి కొనడానికి అక్కర్లేదా?

కొట్లో కుర్రాడు అలవాటుగా డప్పులున్న పాటే వేశాడు. వద్దన్నాను. మెమరీ కార్డులో వార్తల ముక్కొకటి, ఒక పురాణ ప్రవచనం పట్టుకెళ్ళాను. అవి వేయించి, స్పీకరు కొట్టు ఆ చివర పెట్టించి, సౌండు సగానికి తగ్గించి, అత్తయ్యగారిని ఏమన్నారో చెప్పమన్నాను. నాలుగింటిలో రెండింటికి తల అడ్డంగా ఊపారు. మూడోది వినపడింది కానీ బటన్లు రబ్బరులో కలిసిపోయి గోరుతో వెతుక్కోవాలి. నాలుగోది చూడ్డానికి పాత ట్రాన్సిస్టర్ లాగా ఉంది, సౌండుకి తిప్పే మర ఉంది, ఎఫ్ఎం ఉంది, మెమరీ కార్డు, పెన్‌డ్రైవు పెట్టుకునే చోటుంది, బ్లూటూతూ ఉంది. ఆవిడే చేతిలోకి తీసుకుని మర తిప్పారు. ధర 1400. కుర్రాడి మొహం చిన్నబోయింది, పాపం, 6000 ది చూపిద్దామనుకున్నాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. ధర పెరిగేకొద్దీ చాలా కంపెనీలు ఎఫ్ఎం, కార్డు తీసేస్తాయి. పెద్దవాళ్ళకి కావలసినవి చవక వాటిలోనే ఎక్కువ కనిపిస్తాయి. కాకపోతే చవక వాటిలో బ్యాటరీ, చార్జింగు పిన్ను నాసిగా ఉంటాయి, చూసుకోవాలి. మా మొదటి స్పీకరు మరీ చవకదేం కాదు, అయినా ఎనిమిది నెలలకే దాని పిన్ను వదులైపోయింది. సర్వీసుకి ఇవ్వాలంటే ఇంకో ఊరు వెళ్ళాలన్నారు. ఇప్పుడు కొనేముందు మూడే అడుగుతున్నాను: టైప్-సి పిన్నేనా, బిల్లు మీద వారంటీ రాస్తారా, సర్వీసు సెంటరు ఏ ఊళ్ళో. బిల్లుండి కూడా వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915 ఉంది.

ముందుగానే పాటలు నింపి వచ్చే సారెగమా కార్వాన్ లాంటివీ ఉన్నాయి. ఫోను అక్కర్లేదు, బటన్లు పెద్దవి, కానుకగా బావుంటుంది. నేనెందుకు తీసుకోలేదంటే, అత్తయ్యగారికి కావలసింది సినిమా పాటలకన్నా మాటలు. కార్డైతే పిల్లలు వాళ్ళ గొంతులు కూడా రికార్డు చేసి వేయొచ్చు.

వంటింటి కోసమే కొనేవాళ్ళకి రెండు ముక్కలు. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట తట్టుకుంటుందని. పోపు పొగ, నూనె జిడ్డు గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. స్పీకరు జాలీలో జిడ్డు చేరితే గొంతు మూగబోతుంది, కాబట్టి స్టవ్వుకి దూరంగా పెట్టండి. మైక్రోవేవ్ ఆన్ చేసినప్పుడు పాట తెగుతుంటే కంగారు పడకండి. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి, అందుకని. బ్యాటరీ 12 గంటలని రాస్తే అది సగం సౌండులో అనుకోండి.

ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. స్పీకరు వైద్యం కాదు. ఈ వ్యవహారం మొదలయ్యాకే అత్తయ్యగారిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మిషను పెట్టుకోవాలన్నారు. ఆవిడింకా ఒప్పుకోలేదు, నేనింకా వదల్లేదు.

ప్రస్తుతానికి పొద్దున్న ఐదున్నరకి ఆవిడ గదిలో మర తిరిగిన చప్పుడు వినపడుతుంది. మా ఇంట్లో ఎఫ్ఎం కిటికీ దగ్గర పెడితేనే పలుకుతుంది, చార్జింగు వైరే దానికి ఏరియల్. విజయవాడ కేంద్రం కావాలన్నప్పుడు మాత్రం నా ఫోనులో ఆకాశవాణి వాళ్ళ యాప్ పెట్టి కలపాలి. మొన్న భోజనాల దగ్గర ఆవిడే వార్తలు చెప్పారు, మేం ఆలస్యంగా విన్నాం. ధరలు పెరిగాయని మా వారితో వాదన కూడా వేసుకున్నారు.

పెద్దాపురంలో మా పిన్నత్తగారు అలాంటిదే కావాలని కబురు పెట్టారు. ఆవిడ చెవులు బానే ఉన్నాయి, ఫోనే లేదు. డబ్బు ఇస్తానంటున్నారు గానీ, కాకినాడ మాత్రం ఆవిడ్నే రమ్మన్నాను.