రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదా?

మన హాస్టల్లో ఆరు నుంచి పది వరకు చదివాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఎవరికి జబ్బు చేసినా కాగితాలు నా చేతికే ఇస్తారు. వార్షికోత్సవ సంచికకు రాయమని తమ్ముళ్లు అడిగితే, మా పెదనాన్నను తీసుకెళ్లిన జబ్బు గురించే రాయాలనిపించింది.

పెదనాన్న హమాలీ. నడుం నొప్పి అంటే బస్తాలు మోసినందుకేనని అందరం అనుకున్నాం. ఎనిమిది నెలలు ఊళ్లోనే నొప్పి సూదులు వేయించుకున్నాడు. మనిషి పాలిపోతుంటే 'ఇమ్యూనిటీ' పొడి డబ్బాలు తెచ్చింది నేనే. చివరికి హైదరాబాద్‌లో మల్టిపుల్ మైలోమా అని తేల్చారు. ఎముకల మూలుగలో పెరిగే రక్త క్యాన్సర్. అప్పటికే వెన్నుపూస విరిగింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఒంట్లో గాయమైనా, క్రిములు చేరినా కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు మోసే పదార్థాలే సైటోకైన్లు. జ్వరం, వాపు వాటి పనే. వాటిలో ఒకటి ఇంటర్‌ల్యూకిన్-6. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కిషిమోతో, హిరానోల బృందం 1986లో దీని జన్యువును గుర్తించింది. యాంటీబాడీలు తయారయ్యేలా పురికొల్పే పదార్థమని అప్పుడు సంబరపడ్డారు. రెండేళ్లు తిరగకుండానే, 1988లో, మైలోమా కణాలు దాని అండతోనే పెరుగుతున్నాయని అదే బృందం చూపించింది. క్యాన్సర్ కణం మూలుగలోని పక్క కణాలను ఆనుకుని, వాటిచేత ఇంకా ఎక్కువ ఇంటర్‌ల్యూకిన్-6 చేయిస్తుంది. ఎముకను కరిగించే కణాలు కూడా రెచ్చిపోతాయి. పెదనాన్న నడుం నొప్పి అదీ.

2021లో కరోనా రెండో దశలో టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం జనం పరుగులు తీశారు, గుర్తుందా? అది అడ్డుకునేది ఈ ఇంటర్‌ల్యూకిన్-6 పనినే.

మరి దీన్ని ఆపేస్తే మైలోమా ఆగుతుందా? అంత తేలిక కాదు. సిల్టుక్సిమాబ్ అనే మందు దీన్ని పట్టేస్తుంది. దాన్ని వేరే మందుతో కలిపి ఇచ్చి చూసినా మైలోమా రోగుల ఆయుష్షు పెరగలేదు. క్యాన్సర్ కణానికి వేరే దారులున్నాయి. 2014లో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది గానీ, అది కాజిల్‌మన్ వ్యాధికి.

అందుకే రోగనిరోధక శక్తిని కుండలో నీళ్లలా నింపుకోవచ్చని చెప్పే డబ్బాల మీద నాకు కోపం. అర్థం తెలియకుండా వేసే స్టెరాయిడ్ సూదుల మీద అంతకంటే ఎక్కువ కోపం. డెక్సామెథసోన్ మైలోమా చికిత్సలో నిజంగానే వాడతారు, కానీ జబ్బు తేల్చుకున్నాక, లెక్క ప్రకారం, మిగతా మందులతో కలిపి. తేల్చకముందే వేస్తే నొప్పి తగ్గినట్టుంటుంది, లోపల జబ్బు దాక్కుంటుంది.

తమ్ముళ్లూ, సెలవులకు ఇంటికెళ్లినప్పుడు చూడండి. పెద్దవాళ్లకు నెల దాటినా నడుం నొప్పి తగ్గక, మొహం పాలిపోతుంటే, రక్తంలో హిమోగ్లోబిన్, ఈఎస్ఆర్, క్రియాటినిన్, ప్రోటీన్ పరీక్షలు రాయమని డాక్టర్‌ను అడగండి. అడగడానికి మొహమాటపడకండి, నేను పడ్డాను.

పెదనాన్న మొదటి రిపోర్టు ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఈఎస్ఆర్ మూడంకెల్లో ఉంది. ఆ పరీక్ష మా మండల కేంద్రంలోనే చేస్తారు.