తాళం ఢిల్లీది, చీపురు బల్దియాది

పర్యాటక రంగాన్ని అభివృద్ధి చేయడం ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత అట. పార్లమెంటులో ఏ సభ్యుడు ఏ ఊరి సంగతి అడిగినా కేంద్ర పర్యాటక శాఖ జవాబు దాదాపు ఈ మాటతోనే మొదలవుతుంది. మంత్రులు మారారు, వాక్యం మారలేదు. రాష్ట్రాల హక్కుల మీద గౌరవంలా వినిపించే ఈ వాక్యం నిజానికి పచ్చి తప్పించుకోలు. వేరే ఊళ్ల మాటేమో గానీ, హైదరాబాద్ పాతబస్తీలో నిలబడి ఈ మాట అనడానికి ఢిల్లీకి మొహం చెల్లదు.

చార్మినార్ ఎవరి చేతిలో ఉంది? 1591 నాటి ఆ కట్టడం తాళంచెవులు భారత పురావస్తు సర్వే దగ్గరున్నాయి. మెట్లెక్కాలంటే మనవాళ్లు 25 రూపాయలు, విదేశీయులు 300 కట్టాల్సింది ఆ శాఖకే. ఆ సొమ్ము చేరేది కేంద్ర ఖజానాకే. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. ఆ గీత లోపల తాతల నాటి ఇంటి గోడ బాగు చేసుకోవాలన్నా కాగితం పెట్టుకోవాల్సిందే. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడి కిందపడింది. దాని మీద తాపీ పెట్టే అధికారం నగరానికి లేదు. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులతో పాటు చార్మినార్ 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో పడి ఉంది. వారసత్వ హోదాకు తుది ప్రతిపాదన పంపగలిగేది దేశ ప్రభుత్వం ఒక్కటే. వీసాలు, విమానాలు, రైళ్లు సరేసరి. ఇన్ని గుప్పిట్లో పెట్టుకున్నవారు బాధ్యత మాటెత్తగానే రాష్ట్రాల వైపు వేలు చూపిస్తారా?

ఇంతకంటే వింత ఇంకోటి ఉంది. పురావస్తు సర్వే సాంస్కృతిక శాఖలో భాగం. 2021 జులై నుంచి 2024 జూన్ దాకా సంస్కృతి, పర్యాటకం రెండూ చూసింది మన సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డే. తర్వాత ఆ రెండూ కలిపే గజేంద్రసింగ్ షెకావత్‌కు అప్పగించారు. టికెట్ చింపేదీ, మా పని కాదనేదీ ఒకే కుర్చీ!

అసలు ఆ వాక్యంలో నగరం అనే మాటే లేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితా ఇచ్చింది. రోడ్లు, పారిశుద్ధ్యం, వీధిదీపాలు అందులో ఉన్నాయి. పర్యాటకం లేదు, దాని ఆదాయమూ లేదు. స్వచ్ఛ భారత్ కింద మేటి స్థలాల జాబితాలో చార్మినార్‌ను చేర్చింది కేంద్రం. పొద్దున్నే అక్కడ ఊడ్చేది మాత్రం బల్దియా (నగరపాలక సంస్థ) సఫాయి కార్మికులు.

లాల్‌దర్వాజా సింహవాహిని ఆలయం దగ్గర బోనాల మర్నాడు చూడండి. వేపమండలు, పసుపునీళ్ల బురద, పగిలిన గుమ్మడికాయ ముక్కలు, ఫలహారం బండ్ల నుంచి రాలిన కాగితప్పూలు. అవన్నీ తట్టల్లోకి ఎత్తేది కూడా వాళ్లే. సాయంత్రం ఘటం శాలిబండ మీదుగా చార్మినార్ దాటి నయాపూల్‌కు సాగిపోతుంటే వాళ్లూ చీపుర్లతో వెనకే నడుస్తారు. ఆ ఊరేగింపు ఫొటో మాత్రం పర్యాటక ప్రచారానికి పనికొస్తుంది.

రాజ్యాంగంలోని మూడు జాబితాల్లో ఎక్కడా పర్యాటకం పేరు లేని మాట నిజమే. స్వదేశ్ దర్శన్ నిధుల్లో కుతుబ్‌షాహీ, పైగా సమాధులకు వాటా దక్కిన మాటా నిజమే. చార్మినార్ పాదచారుల పథకాన్ని రెండు దశాబ్దాలకు పైగా సాగదీసిన రాష్ట్ర ప్రభుత్వాలూ ఏమీ తక్కువ తినలేదు.

అయినా మొదట కదలాల్సింది తాళంచెవి ఉన్నవాడే. చార్మినార్ టికెట్ సొమ్ములో సగం ఏటా నేరుగా నగరపాలక సంస్థకు చేరేలా చట్టం చేయాలి. ఆ 300 మీటర్ల గీత లోపల ఏ నిర్ణయం తీసుకున్నా నగర ప్రతినిధి సంతకం ఉండాలి. ఈ రెండూ ఇవ్వలేమంటే పర్యాటక శాఖ వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఆ పాత వాక్యాన్ని చదవడమైనా మానుకోవాలి.